పెద్దదయింది కదా అని...

పిల్ల అయిదో తరగతి దాటి ఆరో తరగతిలోకి వచ్చేసరికి మనందరి నోటా ఒక మాట వినపడుతుంది. "పెద్దదయింది కదండీ, ఇక తన చదువు తనే చూసుకుంటుంది" అంటాం. అంతవరకు చెయ్యి పట్టుకుని బడికి దింపిన తల్లి వీధిగుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పలక మీద అక్షరాలు దిద్దించిన తండ్రి మార్కుల కాగితం మీద సంతకం పెట్టి ఊరుకుంటాడు. పాలగ్లాసు పట్టుకుని వెంటపడటం మానేస్తాం. మగపిల్లాడైనా అంతే. "వాడికేం, వాడి సంగతి వాడు చూసుకుంటాడు" అనేస్తాం.

ఇదే మాట మా అమ్మమ్మ విషయంలోనూ అన్నారు. 1948లో ఆవిడ సెకండు ఫారం చదువుతోంది. సెకండు ఫారం అంటే ఇప్పటి ఏడో తరగతి అన్నమాట. సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల ముందు ఆవిడ పెద్దమనిషి అయింది. "పెద్దదయింది కదా, ఇంకా బడేమిటి?" అన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. సెలవులు అయిపోయినా ఆవిడ మళ్ళీ బడికి వెళ్ళలేదు. లెక్కల్లో త్రైరాశికం మొదలుపెట్టిన వారం అది. "మేష్టారు బోర్డు మీద సగం లెక్క వేసి, మిగతాది రేపు చేద్దాం అన్నారే. ఆ రేపు నాకు రాలేదు" అని మాకు ఎన్నోసార్లు చెప్పింది.

చూశారా, మాట ఒక్కటే. ఆ రోజుల్లో అది పిల్లను బడి మాన్పించటానికి పనికి వచ్చింది. ఈ రోజుల్లో అదే మాట తల్లిదండ్రులం మనం తప్పుకోవటానికి పనికి వస్తోంది. నాకు తెలిసినంతలో మన తెలుగుపిల్లల చదువు కథంతా ఈ మూడు తరగతుల దగ్గరే, ఆరు, ఏడు, ఎనిమిది దగ్గరే మలుపు తిరుగుతూ వచ్చింది. ఆ మలుపులో పిల్లలను నిలబెట్టింది ట్యూషన్లు కావు. ఇంటివాళ్ళు పెట్టిన ముద్ద, ఇచ్చిన నీళ్ళు, అడిగిన ఒక మాట. ఈ సంగతి కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టింది 1874లో. బడి పెట్టటం ఒక ఎత్తు, అందులో పిల్లలను నిలబెట్టటం ఇంకో ఎత్తు. అప్పటి ఆడపిల్లకు పదేళ్ళు నిండకముందే పెళ్ళి. వాచకం చేతికి వచ్చేలోపే తాళి మెడకు వచ్చేది. అందుకే ఆ తరంలో చదువుకున్న ఆడవాళ్ళ పేర్లు చూస్తే చాలామందికి చదువు బడిలో కాదు, ఇంట్లోనే అబ్బింది.

భండారు అచ్చమాంబగారిని తీసుకోండి. ఆవిడ కూడా 1874లోనే, కృష్ణా జిల్లా నందిగామలో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయింది. బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు అక్క ఇంట్లో ఉండి చదువుకుంటూంటే, ఆయన దగ్గరే ఈవిడ అక్షరాలు నేర్చుకున్నారు. తరవాత ఎన్నో భాషలు నేర్చుకుని, మన దేశపు స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" అనే పుస్తకం రాశారు. ఒక కుర్రవాడు బడిలో విన్న పాఠం ఇంటికి తెచ్చి నోరారా చెప్పటం వల్ల అంత పని జరిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చెయ్యకూడదు. మగపిల్లవాడికైతే పద్ధెనిమిది. లెక్క చూడండి. పద్నాలుగేళ్ళంటే సరిగ్గా మిడిల్ స్కూలు పూర్తయ్యే వయసు. చట్టం ఆడపిల్లకు ఆ మూడేళ్ళు మిగిల్చి పెట్టింది. కాని ఇంట్లో వాళ్ళు చాలాచోట్ల ఆ మూడేళ్ళూ బడికి ఇవ్వలేదు, వంటింటికే ఇచ్చారు. మా అమ్మమ్మ మూడేళ్ళూ అలాగే పోయాయి. పెళ్ళికి తొందర లేదు, బడికి దారీ లేదు. 1978లో ఆ వయసు ఆడపిల్లకు పద్ధెనిమిదికి, మగవాడికి ఇరవై ఒకటికి పెరిగింది. అప్పుడు గాని హైస్కూలు చదువుకు కూడా చట్టం చోటు ఇచ్చినట్టు కాలేదు.

దుర్గాబాయమ్మగారి కథ మీకందరికీ తెలిసిందే. 1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. బడిలో ఇంగ్లీషులోనే చదవాలంటే ఒప్పుకోక బడి వదిలేశారు. ఆ చిన్న వయసులోనే కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టి ఇంకొకరికి చదువు చెప్పారు. ఇంట్లోవాళ్ళు అండగా నిలబడటం వల్లే అది సాగింది. పెద్దయ్యాక కాశీ మెట్రిక్యులేషన్‌కు కట్టి ప్యాసయ్యారు. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు ఆవిడ చేపట్టిన మొదటి పనుల్లో ఒకటి, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను అదే కాశీ మెట్రిక్‌కు తయారుచెయ్యటం. 1958లో స్త్రీవిద్య మీద కేంద్రప్రభుత్వం జాతీయ సంఘం వేసి దాని అధ్యక్షత కూడా ఆవిడకే ఇచ్చింది. మరుసటి సంవత్సరం ఇచ్చిన నివేదికలో, ఆడపిల్లల చదువుకూ మగపిల్లల చదువుకూ ఉన్న దూరాన్ని దేశం పెద్ద సమస్యగా తీసుకోవాలని చెప్పారు.

తెలంగాణలో ఇబ్బంది ఇంకో రకం. నిజాం రాజ్యంలో బడిభాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల చిన్నతరగతులు ఎలాగో గట్టెక్కినా, పై తరగతుల్లో లెక్కలూ భూగోళమూ పరాయిభాషలో వచ్చేసరికి చేతులెత్తేసేది. ఇంట్లో సాయం చేద్దామన్నా తల్లికి ఆ భాష రాదు. అందుకని మాడపాటి హనుమంతరావుగారు, ఆయన స్నేహితులు 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెట్టారు. తెలుగులో చెప్పే బడి కనక అక్కడి విశ్వవిద్యాలయం గుర్తించలేదు. పూనాలో కార్వే పండితుడు నడిపే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించి పరీక్షలు రాయించారు. తల్లికి అర్థమయ్యే భాషలో పిల్ల చదవాలని అంత శ్రమపడ్డారు. ఈనాడు ఇంగ్లీషు మీడియం వద్దని నేను అనటం లేదు. పిల్ల బడిలో ఏం చదివిందో ఇంట్లో ఒక్కరికైనా అర్థం కావాలి అంటున్నాను.

ఇక తిండి సంగతి. చదువుకూ తిండికీ ఉన్న సంబంధం మన పెద్దలకు బాగానే తెలుసు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు, ఆయనా తెలుగువారే, థౌజండ్ లైట్సులోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానం చేయించారు. తలకు రోజుకు అణాకు మించకుండా ఖర్చు. అణాతో ఏం వస్తుందని నవ్వకండి. ఆకలితో ఉన్న పిల్లకు పాఠం ఎక్కదని ఒక నగరపాలక సంస్థ కాగితం మీద ఒప్పుకోవటం అప్పట్లో చిన్న సంగతి కాదు.

అదే కాలంలో, 1918లో, నీలగిరుల మీద కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన మొదలైంది. సర్ రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు దాన్ని నడిపారు. బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఎక్కడనుకున్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాల్లో. ఉప్పుడు బియ్యం తినేచోట అంతగా లేదు. మరపట్టిన తెల్లటి పచ్చిబియ్యం తినేచోట ఉంది. తవుడంతా మరలో పోగొట్టుకుని, మల్లెపువ్వులాంటి అన్నం తింటున్నామని మురిసిపోయాం. ఆయనే మన దేశంలోని వేరువేరు ప్రాంతాల భోజనాలు ఎలకలకు పెట్టి చూశారు. గోధుమరొట్టె, పప్పు, పాలు, కూరలు తిన్న ఎలకలు ఏపుగా పెరిగాయి. మన దక్షిణాది తెల్లన్నం భోజనం తిన్నవి పొట్టిగా, నీరసంగా ఉన్నాయి. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పెట్టుకుంది. మన ఇంటి పక్కనే ఉన్న ఆ సంస్థ వందేళ్ళుగా చెబుతున్నది ఒకటే: అన్నం ఒక్కటే సరిపోదు, పక్కన పప్పూ ఆకుకూరా పాలూ ఉండాలి.

1956లో మద్రాసు రాష్ట్రంలో కామరాజుగారు బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు. అప్పటికి మనం విడిపోయి మూడేళ్ళయింది. అక్కడే 1982 జూలైలో ఎం.జి.ఆర్. దాన్ని పెద్ద ఎత్తున సాగించారు. దేశమంతటికీ పథకం వచ్చింది 1995 ఆగస్టు 15న. 2001 నవంబరులో సుప్రీంకోర్టు, పచ్చిగింజలు కాదు, వండిన అన్నమే పెట్టాలని ఆజ్ఞ వేసింది. 2003 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలల్లో పొయ్యి వెలిగింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కోనసీమలో లంకల గన్నవరంలో, ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పిల్లల కంచం మీదికి రావటం సంతోషం.

కాని ఇందులో నన్ను ఆలోచింపచేసిన సంగతి ఇంకొకటి ఉంది. దేశవ్యాప్త పథకం మొదలైనప్పుడు భోజనం అయిదో తరగతి వరకే. ఆరో తరగతిలోకి రాగానే కంచం తీసేశారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను అందులో చేర్చుకోవటం 2007లో గాని మొదలు కాలేదు. అంటే పన్నెండేళ్ళపాటు సర్కారువారు కూడా మనలాగే అనుకున్నారు, పెద్దవాళ్ళయ్యారు కదా అని. నిజానికి ఎదుగుదల జోరుగా ఉండేది అప్పుడే. ఆడపిల్లలు పది నుంచి పదమూడేళ్ళ మధ్య, మగపిల్లలు దానికి ఒకటి రెండేళ్ళ తరవాత గబగబా పొడుగవుతారు. నిరుడు కుట్టించిన పరికిణీ చీలమండలు దాటి పైకి వచ్చిందంటే, పిల్లకు ఇంకో ముద్ద కావాలని అర్థం. మనం మాత్రం కొత్త పరికిణీ కుట్టించి ఊరుకుంటాం.

దానికి తోడు ఆడపిల్లలకు నెలనెలా రక్తం పోతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళలోపు ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది తేలారు. ఈ రక్తహీనత పెళ్ళయ్యాక వచ్చిపడింది కాదు. మిడిల్ స్కూలు నాడే మొదలవుతుంది. పాఠం వింటూ కునుకుతున్న పిల్లను బద్ధకమంటాం. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లను సుకుమారమంటాం. బడిలో వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలంరంగు ఇనుపధాతువు మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్ల మింగిందో, కిటికీలోంచి పారేసిందో అడిగి తెలుసుకోండి. తోటకూర, మునగాకు, వేరుశనగపప్పు, బెల్లం ఇంట్లో ఉండేవే. పైన నిమ్మకాయ పిండితే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పడదు.

నీళ్ళ గురించి ఒక మాట. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ళకు వంగిన నడుములు చూసి డాక్టర్లు కారణం వెతికారు. తాగేనీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని తేలింది. నల్లగొండ జిల్లా వాళ్ళ బాధ మనం కళ్ళారా చూశాం. అంతకుముందు దాన్ని తలరాత అనుకున్నవాళ్ళు ఎందరో! పిల్లలో కనిపించే లోపాన్ని పిల్ల తప్పనో, తలరాతనో అనుకునే ముందు ఇంకేదైనా కారణం ఉందేమో చూడాలి.

ఇది చెప్పటానికి నాకు అర్హత లేదేమో. ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను. 2017లో మా అమ్మాయి ఆరో తరగతి. అయిదు వరకు ఎప్పుడూ లెక్కల్లో తప్పని పిల్ల, ఉన్నట్టుండి ఎనిమిదిని ఆరని, మూడుని ఎనిమిదని ఎక్కించుకుని రావటం మొదలుపెట్టింది. అజాగ్రత్త అన్నాను. ధ్యాస ఎక్కడో ఉందన్నాను. ఒకరోజు రెండు దెబ్బలు కూడా వేశాను. అది ఏడ్చింది గాని ఏమీ చెప్పలేదు. ఏం చెబుతుంది? తనకు కనపడేదే అందరికీ కనపడుతుందనుకుంది. అయిదు నెలల తరవాత బడికి ఆరోగ్యపరీక్ష చేసేవాళ్ళు వచ్చి, కళ్ళ డాక్టరుకు చూపించమని చీటీ ఇచ్చారు. రెండు కళ్ళకూ మైనస్ రెండున్నర. కళ్ళజోడు పెట్టించుకుని వస్తూంటే దారిపొడుగునా బస్సుల బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చింది. నేను దాని పక్కన తల వంచుకుని నడిచాను.

1946లో భోర్ కమిటీ బడిపిల్లలకు ఆరోగ్యపరీక్షలు జరగాలంది. 1961లో రేణుకా రే గారి కమిటీ అదే చెప్పింది. 2013 నుంచి జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద బృందాలు బడులకు వస్తున్నాయి. కాని ఆ చీటీ చూసి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాల్సింది ఇంటివాళ్ళు. చీటీ పుస్తకాల సంచిలో నలిగిపోతే కమిటీలు ఏం చేస్తాయి?

ఇంకొకటి, చెప్పుకోటానికి మొహమాటపడే సంగతి. మా అమ్మ ఏడో తరగతి కామన్ పరీక్ష ప్యాసయింది. హైస్కూలు నాలుగు మైళ్ళు. నడవగలదు. కాని ఆ బడిలో ఆడపిల్లలకు వేరే దొడ్డి లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చోవాలి. ఆ నాలుగు రోజులైతే ఇక చెప్పనక్కర్లేదు. మా తాతయ్య "వద్దులే" అన్నాడు. ఆ వద్దులేకి కారణం మైళ్ళు కాదు, మరుగుదొడ్డి. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి, మధ్యలో చదువాగిన ఆడపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వరకు అక్కడే ఉండి చదువుకునేట్టు. 2010 ఏప్రిల్ నుంచి అమలైన విద్యాహక్కు చట్టం బడిలో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండి తీరాలంది. ప్రభుత్వ బడులకు యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులు, మొత్తంలో సగంమంది ఆడవాళ్ళు ఉండాలని కూడా చెప్పింది. ఆ సగంమందిలో మీరు ఉన్నారా? ఉంటే మీటింగుకు వెళ్ళి సంతకం పెట్టి టీ తాగి వస్తున్నారా, దొడ్లో నీళ్ళు వస్తున్నాయా అని అడుగుతున్నారా?

పిల్ల పెద్దమనిషి కాకముందే ఆ సంగతి తల్లి నోటితో చెప్పండి. పదేళ్ళకు చెప్పినా తొందరేం కాదు. సంచిలో అడుగున ఒక గుడ్డో ప్యాడో పెట్టి ఉంచండి. ఆ రోజు ఇంటి దగ్గర ఉంచేసి, వేడుక పేరుతో పదిరోజులు బడి మాన్పించకండి. పరీక్షల ముందు పదిరోజులు పోతే ఏమవుతుందో మా అమ్మమ్మ సగం లెక్క చెబుతుంది.

నిద్ర మరిచాను. ఈ వయసు పిల్లలకు తొమ్మిది గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి, పొద్దున్న అయిదున్నరకు ట్యూషనుకు లేస్తే అవి ఎక్కడ పూర్తవుతాయి? తొమ్మిదిన్నరకు ఫోను మన దగ్గర పెట్టుకోవాలంటే ముందు మనం మన ఫోను పక్కన పెట్టాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా ఇంట్లో ఆ రెండోదే కష్టమయింది. సాయంత్రం ఒక గంట ఎండపొద్దున వీధిలో ఆడనివ్వండి. కళ్ళకూ మంచిది, ఎముకలకూ మంచిది.

ఇక చదువు సంగతి. మీలో చాలామందికి నాలాగే పదో తరగతితో సరి. ఏడో తరగతి లెక్కలు మనకు అంతుపట్టవు. అలాగని ట్యూషను మేష్టారికి అప్పజెప్పి చేతులు దులుపుకోవద్దు. అచ్చమాంబగారి ఇంటిని తలుచుకోండి. బడికి వెళ్ళినవాళ్ళు చెప్పాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు వినాలి. నేను కూర తరుగుతూ మా అమ్మాయిని "ఇవాళ ఏం చెప్పారు, నాకు చెప్పు" అంటాను. నాకు తెలియదని దానికి తెలుసు. అందుకే ఓపిగ్గా చెబుతుంది. చెప్పలేకపోయినచోట తనకే రాలేదని దానికే తెలిసిపోతుంది. ఏ పాఠం దగ్గర గొంతు తగ్గిందో నాకూ తెలుస్తుంది. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారన్నా, కడుపులో నొప్పి అన్నా ఆ అరగంటలోనే బయటికి వస్తుంది.

2018లో అది ఏడో తరగతికి వచ్చింది. అమ్మమ్మ అప్పటికి ఎనభై దాటి మా ఇంట్లోనే ఉండేది. ఒక సాయంత్రం అది నాకు అనుపాతం చెబుతోంది. నాలుగు కొబ్బరికాయలు వంద రూపాయలైతే ఏడు కాయలెంత అని. మంచం మీద నుంచి అమ్మమ్మ, "ఇది త్రైరాశికం కాదుటే?" అంది. అవునో కాదో నాకు తెలియదు. పిల్ల వెళ్ళి మంచం పట్టెమీద కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఒక కాయ ఇరవై అయిదు, ఏడు కాయలు నూట డెబ్బై అయిదు. అమ్మమ్మ కాసేపు వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే ముత్తమ్మమ్మా."

"ఇంతేనంటే!" అని నావంక చూసింది. డెబ్బై ఏళ్ళు ఆగిన లెక్క అది. ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు సరిగ్గా చెప్పటం చేతకాదు.

మీ పిల్ల ఆరో తరగతిలోకి వచ్చిందా? పెద్దదయింది, నిజమే. కనక ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి.